కలెక్టర్‌తో క్యాంపు

పెళ్లయిన ఇన్నేళ్లలో అరుంధతికి అబద్ధం చెప్పి నెగ్గిన దాఖలా శ్రీపతికి ఒక్కటీ లేదు. అందుకని ఈసారి నిజమే చెప్పాలని గట్టిగా అనుకున్నాడు. పప్పన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా, "శనివారం కలెక్టర్‌తోని క్యాంపుకు పోతున్న" అన్నాడు.

అందులో అక్షరం కూడా అబద్ధం లేదు. కాకపోతే ఆ కలెక్టర్‌కి నాలుగు కాళ్లూ, ఒక తోకా ఉన్నాయి.

అశోక్‌నగర్‌లో సర్కారు పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ ఒకటుంది. దాని గేటు దగ్గర పెరిగిన గోధుమరంగు కుక్కకి ఆ పిల్లలే కలెక్టర్ అని పేరు పెట్టారు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి చూసి ఎంతమంది ఊళ్లకు వెళ్లిపోయినా, ఆ హాస్టల్లో ఒక్క కలెక్టరైనా ఉండాలి కదా అని వాళ్ల బాధ. శ్రీపతి రోజూ బషీర్‌బాగ్‌లో తన సర్కారు ఆఫీసుకు నడిచిపోతూ ఆ మూల కొట్లో చాయ్ తాగి, కలెక్టర్‌కి ఒక ఉస్మానియా బిస్కెట్ వేసేవాడు. ఇద్దరూ కలిసే ముసలివాళ్లయ్యారు. ఇప్పుడు బిస్కెట్‌ని చాయ్‌లో ముంచి మెత్తగా చేసి ఇస్తేగాని కలెక్టర్ తినలేకపోతున్నాడు.

ఆ హాస్టల్‌ని కూల్చి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. పిల్లలు పెట్టెలు సర్దుకుని తలో దిక్కూ పోయారు. శ్రావణంలో పట్టిన ముసురు వదలడం లేదు. విరిగిన గేటు పక్కన కలెక్టర్ ఒక్కడే తడుస్తూ పడుకుంటున్నాడు. రేపోమాపో గోడలు కూడా పడతాయి. తర్వాత ఆ కుక్క ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు కూడా.

శ్రీపతి ఇంట్లో అడిగి చూడకపోలేదు. ఒక ముసలి కుక్క ఉంది, తెచ్చుకుందామా అన్నాడు. అరుంధతి వద్దంది. ఇదివరకు వాళ్లకు మోతి అని ఒక కుక్క ఉండేది. అది పోయినప్పుడు ఆమె చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "ఇంకో చావు నా ఇంట్ల వద్దు" అంది. ఆ మాటతో శ్రీపతి వేరే దిక్కు వెతకసాగాడు.

ఆఫీసులో పక్క సెక్షన్ జోగారావుకి శామీర్‌పేట దాటాక ఒక తోట ఉంది. ఆయన పెద్దమనసుతో, "తీసుకొచ్చి వదిలేయండి సార్, అక్కడ ఇప్పటికే మూడున్నాయి" అన్నాడు. ఇక దాన్ని అక్కడికి చేర్చడం ఎలా అన్నదే మిగిలింది. ఆటోవాళ్లు తడిసిన కుక్కను చూసి బండి ఆపకుండానే తల అడ్డంగా ఊపారు.

అప్పుడు శ్రీపతికి సుమంత్ గుర్తొచ్చాడు. సుమంత్ అరుంధతి మేనల్లుడు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం బిగుతు ప్యాంటు వేసుకుని సైకిల్ మీద ఊళ్లు తిరిగే రకం. వాడి దగ్గర గేర్ల సైకిలుంది, మడతపెట్టే డేరా ఉంది. శ్రీపతి రెండూ అడిగి తెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే కుక్కతోపాటు ఇంకో కోరిక కూడా ఆయన్ని తొక్కమంది. ఉద్యోగమంతా ఫోనెత్తి "సార్ క్యాంపుల ఉన్నరు" అని చెప్పడంతోనే గడిచిపోయింది. తను మాత్రం ఒక్క క్యాంపుకూ పోయి ఎరగడు.

ఆ సంగతి అరుంధతికీ తెలుసు. అందుకే కలెక్టర్ మాట వినగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్లకు మిమ్మల్ని గుర్తువట్టిన్రు" అంది. శ్రీపతి కలిపిన పప్పన్నాన్నే మళ్లీ కలపసాగాడు.

"జీపు ఇంటి దాకా వస్తదా?" అంది అరుంధతి.

"జీపు లేదు. సైకిల్ మీద పోతున్నం."

"కలెక్టర్ సైకిల్ తొక్కుతడా?"

"తొక్కరు. ఎన్క కూసుంటరు. నేనే తొక్కాలె."

"వయసు మీద పడ్డదా ఆయనకు?" అంది.

"దినాలు దగ్గరికొచ్చినయి" అన్నాడు శ్రీపతి. అది కూడా నిజమే.

మర్నాడు ఆమె నారాయణగూడ మార్కెట్‌కి వెళ్లి, కూరగాయలమ్మేవాళ్లు మొదలుకుని ఎదురొచ్చిన చుట్టాల దాకా అందరికీ మొగుడి క్యాంపు గురించి చెప్పి వచ్చింది. వచ్చాక ఎందుకో ఆ క్యాంపు ఊసే ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం కూర్చుని, పూర్ణం రుబ్బి భక్షాలు చేసింది. పెద్దాయన దగ్గరికి ఉత్త చేతులతో పోతే బాగుండదని డబ్బా కట్టింది. సఫారీ సూట్ ఇస్త్రీ చేయించి పెట్టింది.

అలా శనివారం పొద్దున శ్రీపతి ఇస్త్రీ సఫారీలో, వర్షంలో, సుమంత్ సైకిలెక్కాడు. ఆ సైకిల్‌కి ఇరవై పైచిలుకు గేర్లున్నాయి. వాటి గురించి సుమంత్ ఓపిగ్గా చెప్పాడు గాని, శ్రీపతికి బెల్లు ఎక్కడుందో ఒక్కటే గుర్తుంది.

అశోక్‌నగర్‌లో ఆగి, వెనక క్యారియర్ మీద టమాటాల ప్లాస్టిక్ ట్రే తాళ్లతో బిగించాడు. గోనెసంచి పరిచి కలెక్టర్‌ని ఎత్తి కూర్చోబెట్టాడు. పైన పాత రెయిన్‌కోట్ కప్పాడు. కలెక్టర్ దర్జాగా కూర్చుని, పడిపోయిన గేటు వంక ఒకసారి చూసి, తర్వాత శ్రీపతి వీపుకు మూతి ఆనించాడు. ఎక్కడికని కూడా అడగని వాణ్ణి తీసుకుపోయి వదిలేయడం ఎంత పాపిష్టి పనో శ్రీపతికి అక్కడే తెలిసింది. అయినా తొక్కాడు.

ముషీరాబాద్ దాటేసరికి సఫారీ ఒంటికి అతుక్కుంది. సికింద్రాబాద్‌లో ఒక కానిస్టేబుల్ ఆపి ఎక్కడికి పోతున్నావని అడిగితే క్యాంపుకన్నాడు. ఆయన సూట్‌ని, ట్రేని, ట్రేలో ఉన్నవాణ్ణి చూసి, జాలిపడి పొమ్మన్నాడు. అల్వాల్ నుంచి ఎత్తొచ్చిన చోటల్లా శ్రీపతి దిగి తోశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఎప్పటికో తోట చేరాడు.

తోట కాపలా మాసయ్య గేటు తీశాడు. లోపల ఉన్న మూడూ ఒక్కసారిగా మీదికొచ్చాయి. మాసయ్య వాటిని అదిలించి, కొత్తదాన్ని మోటారు గది వెనక గుంజకు కట్టేద్దామన్నాడు. రెండు మూడు రోజులు ఏడుస్తుందని, తర్వాత అలవాటైతే అవుతుందని, లేదంటే అదే పోతుందని మామూలుగా చెప్పాడు. ఆయన మాటలో చెడ్డతనమేమీ లేదు. శ్రీపతికే ఆ గుంజ వైపు చూడబుద్ధి కాలేదు.

కలెక్టర్ అరవలేదు. వచ్చి ఆయన రెండు కాళ్ల మధ్య నిలబడి, బిస్కెట్ కోసం చూసినట్టే పైకి చూశాడు.

"ఇయ్యాల్టికి నాతోనే ఉంటడు తీ" అన్నాడు శ్రీపతి.

గేటు బయట డేరా వేయబోయాడు. డేరా ఆయన్ని వేసింది. అటు కడ్డీ నిలబెడితే ఇటు కూలింది. చివరికి నిలబడ్డాక చూస్తే లోపలి పక్క బయటికుంది. వాన నీళ్లు ఏ మొహమాటం లేకుండా లోపలికొచ్చాయి. ఉన్న కాస్త పొడి జాగా కలెక్టర్ ఆక్రమించాడు. శ్రీపతి నీళ్లలో కూర్చుని, భక్షాలు తుంచి తుంచి వాడికి తినిపించాడు. తనకొక ముక్క కూడా సయించలేదు.

దీపాలు పెట్టే వేళకి అరుంధతి ఫోన్ చేసింది.

"క్యాంపు ఎట్లున్నది?"

"మస్తున్నది" అన్నాడు, నీళ్లలోంచి కాళ్లు పైకి తీసుకుంటూ.

"కలెక్టర్ గారు ఏం జేస్తున్నరు?"

"భక్షాలు తిని పండుకున్నరు."

"జర ఫోనియ్యున్రి, నమస్తే అంట."

శ్రీపతి ఫోన్‌ని చెవి నుంచి దూరంగా పెట్టాడు. అదే అదనుగా కలెక్టర్ గట్టిగా ఒక్కసారి మొరిగాడు.

"దగ్గా?" అంది అరుంధతి.

"దగ్గే. వానల తడిసిన్రు గదా."

"పెద్ద ప్రాణం. ఒళ్లు తుడిచి పండవెట్టున్రి" అని ఫోన్ పెట్టేసింది.

శ్రీపతి సఫారీ కోటు విప్పి, పిండి, దాంతోనే కలెక్టర్ ఒళ్లు తుడిచాడు. వాడు వణుకుతున్నాడు. ఇంటికి తీసుకుపోతే భార్య ఏమంటుందో తెలుసు. ఇక్కడ వదిలేస్తే తనేమవుతాడో అంతకంటే బాగా తెలుసు. ఏడుపొచ్చింది. వానే కదా, ఎవరికి తెలుస్తుందని కాసేపు ఏడ్చాడు.

తెల్లారి కలెక్టర్‌ని మళ్లీ ట్రే ఎక్కించాడు. తిరుగుదారిలో టైరు పంక్చరైంది. అల్వాల్ దాకా తోసుకొచ్చి, అక్కడ ఒక ట్రాలీ ఆటో మాట్లాడి, సైకిల్‌ని, కుక్కని, తనని అందులో వేసుకుని వచ్చాడు. ఈ ట్రాలీ ఆలోచన మొదటిరోజే ఎందుకు రాలేదా అని దారి పొడుగునా తనని తనే తిట్టుకున్నాడు.

చిక్కడపల్లిలో ఇంటి ముందు దిగి, కలెక్టర్‌ని మెట్ల కింద దాచి, లోపలికెళ్లాడు. అరుంధతి తువ్వాలిచ్చింది. క్యాంపు బాగా జరిగిందనీ, కలెక్టర్ గారు వాళ్లింటికి వెళ్లిపోయారనీ శ్రీపతి అప్పజెప్పాడు. ఈసారి మాత్రం నిజం చెప్పడం మర్చిపోయాడు.

"ఎవలింటికి పోయిన్రు? మెట్ల కింద తడుస్తున్నరు గదా" అంది అరుంధతి. "లోపలికి రమ్మనున్రి."

శ్రీపతి తువ్వాలు మొహం మీంచి తీయలేదు. లోపల్నుంచే, ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

"మార్కెట్ల మీ గొప్ప చెప్తుంటే హాస్టల్ వంటామె తిమ్మమ్మ సంచి కింద వెట్టి నవ్వింది. అమ్మా, మీ సారు రోజు బిస్కెట్ వేసే గా కలెక్టర్ మా గేటుకాడిదే అన్నది. నా ఇజ్జత్ పాయె."

"మరి నన్నెందుకు పోనిచ్చినవ్?"

"నేను తెమ్మంటె, రేపు ఏదన్న అయితే నువ్వే తెమ్మన్నవ్ అంటరు. వదిలిపెట్టి రాలేరని తెల్సు. మీ అంతట మీరే తెచ్చుకోవాలనుకున్న."

శ్రీపతి తువ్వాలు తీసి కలెక్టర్‌ని లోపలికి తీసుకొచ్చాడు. వాడు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, అరుంధతి కాళ్ల దగ్గరికెళ్లి కూలబడ్డాడు. ఆమె వంగి వాడి మసక కన్ను చూసింది, పక్కటెముకలు తడిమింది.

"ఎన్ని దినాలుంటడు?"

"చలికాలం దాటుడు కష్టమే" అన్నాడు శ్రీపతి. "అరుంధతీ, మళ్ల నువ్వు అన్నం మానేస్తవ్."

"మానేస్త. మోతి పోయిన్నాడు మీరు టిఫిన్ డబ్బా వట్టుకొని ఆఫీసుకు పోయిన్రు. దాన్ని బొంతల సుట్టింది నేనే, ఏడ్చింది నేనే."

శ్రీపతి కిందికి వంగి తువ్వాలుతో కలెక్టర్ కాళ్లు తుడవసాగాడు.

"ఉండనియ్యున్రి" అంది అరుంధతి, పాత దుప్పటి మడత విప్పుతూ. "గాని ఈయన పోయిన్నాడు మీరు సెలవు వెట్టాలె. క్యాంపు ఉన్నదంటె నేను ఊకోను."