తంతిలో వచ్చిన వాన

వాన ఆకాశం నుంచి కురవాలనడం ఒట్టి పాతకాలపు మాట! ఇప్పుడు వాన తంతి మీద వస్తుంది. పొద్దున్నే టెలిగ్రాంలో నరసాపురం తాలూకా కచేరీకి దిగి, వరండాలో వేలాడదీసిన నల్లబోర్డు మీద సుద్దముక్కతో కురుస్తుంది. గొడుగు తడవదు, కాలికి బురదంటదు, చెరువులోకి చుక్క నీరు రాదు. ఇంత శుభ్రమైన వాన ఏ రాజుల కాలంలో కురిసిందో చెప్పండి!

మద్రాసులో చదువుకొచ్చినవాణ్ణి కాబట్టి సైన్సంటే నాకు ప్రాణం. మీరూ కాస్త ఆలోచించండి. మన పెద్దవాళ్ళు వాన సంగతి ఎలా చెప్పేవారు? తూనీగలు నేలబారున ఎగిరితే వాన. చీమలు గుడ్లు మోసుకెళితే వాన. అత్తగారు వడియాలు పెడితే మరీ తప్పని వాన. ఎంత అనాగరికం! చీమకి ఇంగ్లీషు వచ్చునా? తూనీగ ఏ పరీక్ష ప్యాసయింది?

నమ్మనివాళ్ళ కోసం మిషను బడి పంతులు యెహెజ్కేలు కథ చెబుతాను. తంతి వాన వల్ల పూర్తిగా లాభం పొందిన మహానుభావుడు ఆయనొక్కడే.

యెహెజ్కేలుది గోదావరి గట్టు కింద ఒంటిగది తాటాకు ఇల్లు. భార్య దేవకుమారికి నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లో అయింది, ఇది ఇక్కడే. సరిగ్గా ఆవిడ మంచం పైన కప్పు చివికిపోయింది. ఓ రోజు కచేరీ బోర్డు మీద "పొడి వాతావరణం" అని చదివి, పంతులు పరుగున ఇంటికొచ్చి ఆ చివికిన ఆకంతా పీకి పారేశాడు. గదిలోకి ఎండ ధారాళంగా దిగింది.

"కొత్త ఆకు తెచ్చాక పాతది పీకాలండీ" అంది దేవకుమారి, మంచం మీంచే ఆకాశం చూస్తూ.

"టెలిగ్రాంలో వచ్చింది దేవకుమారీ! వాన లేదు."

"ఆ టెలిగ్రాం ఇచ్చినాయన ఈ మంచం మీద పడుకుంటాడా ఏంటండీ?"

సైన్సంటే ఆడవాళ్ళకి ఎంత చులకనో చూశారా!

తాటాకు దొరికేది కాలువ గట్టు మీద. ఆ తాడిచెట్లు సర్కారువి. ఆకు కొట్టాలంటే కచేరీ పర్మిట్ ఉండాలి. దానికో రూలుంది: వాన కురిసే రోజున పర్మిట్ ఇవ్వకూడదు. తడిసిన గట్టు మీద బళ్ళు తిరిగితే గట్టు దిగబడుతుంది కదా! రూలు మంచిదే. రూళ్ళన్నీ మంచివే.

మర్నాడు హెడ్ గుమాస్తా పల్లంరాజు గారు యెహెజ్కేలు అర్జీ అందుకుని, తలెత్తి బోర్డు చూశారు. అప్పుడే కొత్త టెలిగ్రాం వచ్చింది. "గోదావరి జిల్లా: అక్కడక్కడ జల్లులు. ఉరుములు, మెరుపులు."

"ఇవాళ వాన, పంతులూ. రేపు రా."

యెహెజ్కేలు వెనక్కి తిరిగి చూశాడు. బయట రోడ్డు పెనంలా కాలుతోంది. బోర్డు నీడలో ఓ కుక్క నాలిక వేలాడేసుకుని రొప్పుతోంది.

"ఎండగా ఉందండి."

"ఎక్కడ?"

"బయటండి."

"బయటి సంగతి నాకెందుకయ్యా? బోర్డు మీద వానుంది. వానలో పర్మిట్టిచ్చి ఉద్యోగం పోగొట్టుకోమంటావా?"

"అక్కడక్కడ అన్నారు కదండి. ఇక్కడ కాదేమోనండి."

"ఇక్కడ కాదని రాశారా? చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు!"

యెహెజ్కేలు అర్జీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. చదువుకున్నవాడు కదా!

మర్నాడూ వానే. ఆ మర్నాడూ వానే! ఊరి జనం ఒళ్ళు చెమటకి తడిసింది తప్ప ఇంకేదీ తడవలేదు. అయినా కచేరీ వాన కచేరీదే. వేసవికి కాలువలు కట్టేశారు, మంచినీళ్ళ చెరువు అడుగంటింది మహాప్రభో అని ఆడవాళ్ళు మొరపెట్టుకుంటే, "వాన కురుస్తోంది కదమ్మా, బిందెలు బయట పెట్టుకోండి" అని జవాబొచ్చింది. గడ్డివాము తగలబడిందని పరిగెత్తుకొచ్చిన రైతుని "ఇంత వానలో నిప్పెలా అంటుకుందయ్యా?" అని నిలదీశారు. ఎంత పకడ్బందీ పరిపాలన!

పంతులు రోజూ వట్టి చేతులతో ఇంటికి రావడం పక్కింటి మరిడమ్మ చూస్తూనే ఉంది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆ పేటకి మంత్రసాని కూడా ఆవిడే.

"ఏం పంతులుబాబూ, ఇయ్యాలా వానేనా?"

"వానే, మరిడమ్మా."

"మరి నా సావిడాయలు గలగలా ఎండిపోతన్నాయేంటి? పాపం, చేపలకి చదువు రాదు కదా!"

అంతలో ఓ మధ్యాహ్నం నైరుతి మూల కాటుకలా నల్లబడింది. మరిడమ్మ చేపలన్నీ గంపలకెత్తి తన గుడిసెలో పోసేసింది. సరిగ్గా అప్పుడే దేవకుమారికి నొప్పులు మొదలయ్యాయి.

"మా ఇంటికి తెచ్చేద్దునా అంటే కాలు పెట్టే చోటు లేదు. మంచం జరుపుదామంటే నీ ఇంట్లో పొయ్యి అడ్డం. నేను చూసుకుంటాను గానీ, ముందా బొక్క మీద ఏదోటి కప్పు బాబూ! పుట్టే బిడ్డ మొహాన చినుకులు పడతాయి!"

పంతులు కచేరీకి పరిగెత్తాడు. మెట్లెక్కేసరికి ఈదురుగాలి లేచింది. ఉరిమింది. వాన విరుచుకుపడింది. బోర్డు మీద తాజా టెలిగ్రాం: "ఆకాశం నిర్మలం. వాన సూచన లేదు."

"రా పంతులూ, రా! నీ అదృష్టం పండింది!" అన్నారు పల్లంరాజు గారు మహా సంతోషంగా. "ఇవాళ ఎండ. ఇదిగో పర్మిట్, పోయి హాయిగా ఆకు కొట్టుకో."

పైన ఓ పెంకు జారింది. గుమాస్తా గారి నెత్తి మీద ధార కట్టింది. ఆయన పైపంచెతో మొహం తుడుచుకుని, "వెధవ ఉక్క!" అన్నారు.

అప్పుడు గాలి ఒక్క ఊపు ఊపింది. తాడు తెగి బోర్డు పంతులు కాళ్ళ దగ్గర పడింది. మంచి టేకు బోర్డు. వెడల్పాటిది. పంతులు దాన్ని చూశాడు. ఇంటి కప్పులో ఉన్న బొక్కని తలుచుకున్నాడు. రాత కిందికి ఉండేట్టు ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఏయ్, ఏయ్! అది సర్కారు బోర్డు! తడిసిపోతుంది!"

"వాన లేదు కదండీ," అన్నాడు యెహెజ్కేలు ఎంతో వినయంగా. "ఎందుకు తడుస్తుందండి?"

పల్లంరాజు గారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. అందులో చినుకు పడింది.

బోర్డు వాసాల మీద అతికినట్టు సరిపోయింది. గాలికి లేవకుండా మరిడమ్మ బరువు రాళ్ళిచ్చింది. చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది. బయట పిడుగులు పడుతున్నాయి. మంచం మీద మాత్రం చుక్క పడలేదు. దేవకుమారి బిడ్డని పొదువుకుని పైకి చూసింది. సుద్దరాత కాస్త చెదిరినా కనిపిస్తూనే ఉంది.

"ఆకాశం నిర్మలం," అని మెల్లిగా చదివింది. "మంచం మేరకి నిజమేనండీ."

మర్నాడు కచేరీ బంట్రోతు వచ్చాడు. బోర్డు లేక ఆఫీసు స్తంభించిపోయిందట! టెలిగ్రాం వచ్చింది గానీ రాసే చోటు లేదు. ఎండో వానో ఎవరికీ అంతుపట్టడం లేదు.

"ఆకు కప్పుకోగానే బోర్డు నేనే మోసుకొచ్చి ఇస్తాను," అని పంతులు పర్మిట్ చూపించాడు. వానకి సిరా అంతా కారిపోయి, తెల్లకాగితం మిగిలింది.

"ఇది చెల్లదండి. కొత్తది రాయించుకోవాలండి."

"అయితే రాయమనండి."

"బోర్డు లేకుండా ఎండో వానో తెలీదు కదండి, ఎలా రాస్తారు?"

"అయితే ఈ పిల్ల పెళ్ళిదాకా ఉండనీ నాయనా!" అంది మరిడమ్మ, బిడ్డకి నూనె రాస్తూ.

చూశారా! ఇంకా తంతి వానని వెక్కిరించేవాళ్ళున్నారా? చీమ ఏనాడైనా ఒక ఇల్లు కప్పిందా? తూనీగ ఒక పసిబిడ్డని తడవకుండా కాసిందా? అందుకని సర్కారు వారికి నా సవినయ మనవి: టెలిగ్రాంలు తప్పొచ్చినా, ఒప్పొచ్చినా మాకు పట్టింపు లేదు. ఈ నైరుతి వానలు దిగేలోగా గుడిసెకొక బోర్డు చొప్పున పంపండి. టేకుదైతే మంచిది. దాని మీద ఏమైనా రాసుకోండి. రాత లోపలికి తిప్పి కప్పుకుంటాం.