ముగ్గు పోసిన దారి

శనివారం పొద్దున రవీందర్ పెరుగు తేవడానికి బయల్దేరాడు. పెరుగు ప్యాకెట్టు కోసం హెల్మెట్టు, నల్ల కళ్ళద్దాలు, వీపున సంచి ఎందుకని శ్రీలత అడగలేదు. సైకిలు కొన్న నాటినుంచి ఆమె భర్త ఉప్పు ప్యాకెట్టుకు కూడా అలాగే వెళ్తున్నాడు. పైన ఎప్పుడూ ఒకటే జాకెట్టు. విమానాశ్రయం సరుకుల షెడ్డులో డ్యూటీకని ఇచ్చింది, ఎండ తగిలితే దూరంనుంచే తళతళలాడుతుంది. వాకిట్లోకని కొనిపెట్టుకున్న ముగ్గు పిండి మొత్తం ఆ వీపు సంచిలోకి చేరిందని మాత్రం ఆమెకు తెలియదు.

శంషాబాద్‌లో ఆదివారం పొద్దున్నే సైకిళ్ళ మీద ఊరవతలికి పోయే గుంపు ఒకటుంది. దాన్ని మొదలుపెట్టింది రవీందరే. శనివారం సాయంత్రమైతే చాలు, గుంపులోని ప్రతి ఒక్కరూ ఫోనులో అతన్నే అడిగేవారు, "అన్నా, రేపు ఏ దారి?" అని. నిజానికి దారి ఒకటే. విమానాశ్రయం గోడ పక్క సర్వీసు రోడ్డు మీద పోవడం, దిగుతున్న విమానాల కింద ఫొటోలు దిగడం, ఇడ్లీ తిని వెనక్కి రావడం. అయినా అతను వెంటనే చెప్పేవాడు కాదు. "చూద్దాం తియ్" అని రాసి, తీరిగ్గా అన్నం తిని, కాసేపు ఆలోచిస్తున్నట్టు పచార్లు చేసి, అప్పుడు చెప్పేవాడు. ఆఫీసులో అతన్ని ఎవరూ ఏదీ అడగరు. ఇంట్లో ఏం కూర వండాలో కూడా అడగరు. వారానికొకసారి వచ్చే ఆ ఒక్క ప్రశ్నతోనే అతనికి వారమంతా కడుపు నిండేది.

అలాంటి ప్రశ్న ఇప్పుడు ఆకిఫ్‌కు పోతోంది.

ఆకిఫ్‌ది బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం. ఎక్కడో పాత సామానులో లావు టైర్ల సైకిలొకటి సంపాదించి, బాగుచేసుకుని, గుంపులో చేరాడు. చేరినవాడు చేరినట్టు ఊరుకోకుండా కొత్త దారి కనిపెట్టాడు. బండరాళ్ళ గుట్ట దిగి, నీలగిరి తోటలో దూరి, కాలువ గట్టు పట్టుకుని పోతే మంఖాల్ దగ్గర శ్రీశైలం రోడ్డు మీద తేలుతుంది. మొదటి వారం ఇద్దరు వెళ్ళారు. మూడో వారానికి సర్వీసు రోడ్డు మీద రవీందర్ ఒక్కడే మిగిలాడు. ఆదివారం ఎనిమిదింటిదాకా దుప్పటి దించని శ్రీలత సైతం సైకిలు కొనుక్కుని ఆ గుంపులో కలిసింది. ఆకిఫన్న దారిలో నెమళ్ళు కనిపిస్తాయని ఆమె చెబుతుంటే రవీందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కేది. పైగా ఆ ఆకిఫ్, ఎవరైనా దారి అడిగితే వెంటనే చెప్పేసేవాడు. కాసేపు ఊరించడం కూడా తెలియని మనిషికి అంత గౌరవమేమిటని రవీందర్ లోలోపల కుళ్ళిపోయాడు.

ఈ ఆదివారానికి ఆకిఫ్ తోట దాటాక ఇంకో కొత్త ముక్క కలిపాడు. కొత్తవాళ్ళు తప్పిపోకుండా శుక్రవారం నమాజు అయ్యాక దుకాణం మూసి, మలుపు మలుపునా ముగ్గుతో బాణాలు గీసి వచ్చాడు. ఆ సంగతి గుంపులో చదివిన క్షణానే రవీందర్‌కు పెరుగు గుర్తొచ్చింది.

అతని పథకంలో మెలికలేమీ లేవు. తోట చివర ఎడమకు తిరిగే బాణాన్ని చెరిపేసి కుడికి గీస్తాడు. కుడివైపు మనిషి దూరని సర్కారు తుమ్మ. గుంపంతా ముళ్ళలో చిక్కి, టైర్లు పంక్చరై, దిక్కు తోచక నిలబడితే, వెనకనుంచి తను వచ్చి అందరినీ సర్వీసు రోడ్డుకు చేరుస్తాడు. వచ్చే శనివారం ప్రశ్న తిన్నగా ఇంటికొస్తుంది. ఆ ముళ్ళలో శ్రీలత కూడా ఉంటుందన్న ఆలోచన రాకపోలేదు. ఆమెకు మంచి బూట్లున్నాయని సమాధానం చెప్పుకున్నాడు.

తోట చివర ఆకిఫ్ బాణాన్ని బూటుతో రుద్దేసి తన బాణం గీశాడు. ఒక్క బాణాన్ని ఎవరు నమ్ముతారన్న అనుమానమొచ్చి, దాని ముందుకు గీత సాగదీశాడు. గీత చక్కగా వస్తోంది. ఇన్నాళ్ళూ తనలో ఇంత పనితనం ఉందని తెలియనందుకు మురిసిపోతూ ముళ్ళకంపల అంచున చాలా దూరం పోశాడు. తలెత్తేసరికి ఎదురుగా రెండు బర్రెలు, వాటి వెనక ఐలయ్య. ఆ తుమ్మల నేల ఐలయ్యదే.

"ఏం గీత సారూ గిది?"

దొరికిపోయానన్న కంగారులో రవీందర్ నోటికి వచ్చింది అనేశాడు. "నాకేం తెల్వదు పెద్దాయనా. పైనోళ్ళు గీయమన్నరు, గీస్తున్న. రేపు పొద్దుగాల అందరు వస్తరు."

ఇంటికి చేరాక జాకెట్టు మీది తెల్లటి మరకలేమిటని శ్రీలత అడిగితే, దారిలో పెరుగు ప్యాకెట్టు పగిలిందన్నాడు. ఆమె మజ్జిగ లేకుండానే అన్నం తింది.

ఐలయ్య ఊరిని రెచ్చగొట్టడానికి ఏళ్ళ తరబడి ఆలోచించినా "పైనోళ్ళు గీయమన్నరు" అన్నదానికన్న మంచి మాట దొరకదు. విమానాశ్రయం రాకముందు ఇలాగే తళతళలాడే జాకెట్టు మనిషి వచ్చాడు, ముగ్గు పోశాడు, అడిగితే తనకేమీ తెలియదన్నాడు. బయటి రింగు రోడ్డుకూ అంతే. నేల మీద తెల్ల గీత కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఎవరికీ ముద్ద దిగదు. రోడ్డు పొలంలోంచి పోతే పొలం పోతుంది, పొలం పక్కనుంచి పోతే పొలం బంగారమవుతుంది. గీత ఎటు పడిందన్నదే అక్కడ మనిషి జాతకం.

ఐలయ్య పనికిరాని తుమ్మల పక్కన రోడ్డు పడుతోందన్న మాట గోపయ్య చెవిన పడింది. గోపయ్య చేను ఆ పక్కనే, పిలిస్తే పలికే దూరంలో ఉంది. తన చేను ఎండుతుంటే ఐలయ్య తుమ్మలకు రోడ్డా అని అతనికి కడుపు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ పడుకున్న సమయం చూసి గీతను చెరిపి తన గట్టు పక్కకు వంచుకున్నాడు. అది యాదగిరి చూశాడు. చూసి ఊరుకోలేక, గోపయ్య గట్టు దాటగానే గీతను తన బావి వైపు తిప్పాడు. సాయంత్రానికల్లా గీత లోపలికి రాకుండా, అలాగని దూరం పోకుండా, అందరి గట్లనూ ఒరుసుకుంటూ పాములా మెలికలు తిరిగింది. కంపలు చూసి పెద్దసార్లు మొహం తిప్పుకుంటారని ఐలయ్య భార్య లచ్చమ్మ జేసీబీని పిలిపించి తుమ్మలన్నీ కొట్టించింది. ఆమెకు తీసిపోకూడదని గోపయ్య తన వైపు చదును చేయించి దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లించాడు. యాదగిరి వాగు మీద బండ పరిచాడు. ఆదివారం పొద్దున ఆ ఊళ్ళో ఒక్క వాకిట్లోనూ ముగ్గు లేదు. ఉన్న ముగ్గంతా పొలాల్లో ఉంది.

ఆ పొద్దుటే గుంపు తోట చివరికి చేరింది, ఈసారి వెంట రవీందర్ కూడా ఉన్నాడు. ఆకిఫ్ సైకిలాపి నేలకేసి చూశాడు. "నేను ఎడమకు పెట్టిన గద భాయ్. గిది కుడికి ఎట్లయింది?"

"నీకే యాది లేనట్టుంది. ముగ్గు అబద్ధం చెప్తదా?" అన్నాడు రవీందర్.

ఆకిఫ్ నమ్మాడు. తనకన్న పెద్దవాళ్ళ మాట కాదనడం అతనికి అలవాటు లేదు. రవీందర్ మాత్రం చైను జారిందని వెనక ఆగిపోయి, రాయి మీద కూర్చుని, అరటిపండు ఒలుచుకుంటూ అరుపుల కోసం ఎదురుచూశాడు.

అరుపులు వచ్చాయి. ముళ్ళు గుచ్చుకున్నాయన్నమాట అనుకున్నాడు. తర్వాత నవ్వులు వచ్చాయి. ముళ్ళు గుచ్చుకుంటే నవ్వుతారా అని చెవులు రిక్కించాడు. అందులో శ్రీలత నవ్వు విడిగా వినిపించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మాటకెన్నడూ ఆమె అంత గట్టిగా నవ్వలేదు. అరటిపండు అక్కడే పారేసి సైకిలెక్కాడు.

తుమ్మలు లేవు. తడిసి గట్టిపడిన మెత్తటి మట్టిదారి. ఒక మలుపు తిరిగి ఊపిరి తీసుకునేలోగా ఇంకో మలుపు, గట్టు ఎక్కుడు, గట్టు దిగుడు, వాగు మీద బండ, బావి చుట్టూ ఒక చక్కర్. లావు టైర్ల సైకిలుకు అంతకన్న వైభోగం ఉండదు. రవీందర్‌కు ఆ దారి నచ్చింది. నచ్చినకొద్దీ కడుపులో మంట ఎక్కువైంది.

దారి చివర షామియానా, కుర్చీలు వేసి, పెద్దసార్ల కోసం ఊరు ఊరంతా నిలబడి ఉంది. ముందుగా చేరిన ఆకిఫ్ మెడలో అప్పటికే పూలదండ పడింది. తాము ఆఫీసర్లు కాదని అతను చెబుతుంటే ఎవరూ వినడం లేదు. ఇటు గుంపు అతని భుజాలు తడుతోంది. ఈ దారి తను వేసింది కాదని మొత్తుకుంటున్నాడు. అది వినయమనుకుని వాళ్ళు ఇంకా మెచ్చుకుంటున్నారు. ఇంత మంచి దారి తన జన్మలో తొక్కలేదని శ్రీలత అతనికి చేతులెత్తి దండం పెట్టింది.

ఆ దండం రవీందర్ ఓర్చుకోలేకపోయాడు. సైకిలు కింద పడేసి మధ్యలోకి వచ్చాడు.

"ఆకిఫ్ గీయలే. నేను గీసిన. నిన్న పొద్దుగాల, నా చేతులతోటి గీసిన."

ఐలయ్య దగ్గరికొచ్చి జాకెట్టును పరకాయించి చూశాడు. "అవు, గీ సారే," అన్నాడు.

ఊరంతా ఒక్కసారిగా రవీందర్ చుట్టూ మూగింది. ఆకిఫ్ మెడలో దండ ఇతని మెడలోకి మారింది. గోపయ్య చేతులు కట్టుకుని, ఊరి తరఫున అడిగాడు.

"సారూ, జర చెప్పుండ్రి. ఇగ దారి ఎటు పోతది?"

ఇన్ని నోళ్ళకు కలిపి ఒకే ప్రశ్న, అదీ తననే. రవీందర్ కళ్ళు చెమ్మగిల్లాయి. "చూద్దాం తియ్" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో శ్రీలత ముందుకు వచ్చింది.

"నిన్న పొద్దుగాల నువ్వు పెరుగుకు పోయినవ్ గద. ప్యాకెట్ పగిలిందన్నవ్."

ఆమె వెనకే ఆకిఫ్ మెల్లగా అడిగాడు, అయితే తన బాణమేమైందని. బాణం చెరిపింది తనేనని, రోడ్డూ లేదు ఏదీ లేదని, ఒక్కొక్క ముక్కా రవీందర్ నోట్లోంచి రాబట్టడానికి శ్రీలతకు ఎంతోసేపు పట్టలేదు. రోడ్డు లేదని తెలిసి ఐలయ్య కుర్చీలో కూలబడ్డాడు. నీ వల్లంటే నీ వల్లని గోపయ్య, యాదగిరి కలబడబోయారు. లచ్చమ్మ మాత్రం షామియానా వెనక్కి పోయి కొబ్బరి ఈనెల చీపురొకటి తెచ్చి రవీందర్ చేతిలో పెట్టింది.

"గీత ఉన్నన్ని దినాలు వీళ్ళు కొట్టుకుంటనే ఉంటరు. గీసినోనివి నువ్వే, ఇగ ఊడ్వు."

మెడలో దండతో రవీందర్ ఊడవడం మొదలుపెట్టాడు. గోపయ్య గట్టు, యాదగిరి బావి, వాగు, మళ్ళీ గోపయ్య గట్టు, ఒక్క మెలిక వదలకుండా నడుం వంచి ఊడ్చాడు. నెత్తిమీద విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉన్నాయి. గుంపు అతని కోసం ఆగలేదు. ఎండెక్కిందని సర్వీసు రోడ్డు మీదుగా ఇంటికి పోతూ, దారిలో ఇడ్లీ తిన్నారు.

ఆ వారమంతా గుంపులో అతనితో ఎవరూ మాట్లాడలేదు. అయితే తొక్కిన దారి రుచి ఎవరి నోరూ వదల్లేదు. ఆకిఫ్ మధ్యలో ఒకరోజు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, గట్లన్నీ ఒకేలా ఉంటే తికమకపడి, రెండుసార్లు ఒకే బావి దగ్గర తేలి వెనక్కి వచ్చాడు. గీత లేదు. గుంపులో ఆ మలుపులన్నీ ఊడ్చినవాడొక్కడికే తెలుసు.

శనివారం సాయంత్రం రవీందర్ ఫోను మోగింది. ఆకిఫ్ పంపిన సందేశం. "రవీందర్ భాయ్, రేపు ఏ దారి? లచ్చమ్మక్క టీ పెడతనన్నది."

రవీందర్ దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. "చూద్దాం తియ్" అని రాసి, ఫోను బోర్లించి, తీరిగ్గా అన్నానికి కూర్చున్నాడు. శ్రీలత వడ్డించింది, చివర్లో పెరుగు కూడా వేసింది. పెరుగు మాత్రం అప్పటినుంచి ఆమే తెచ్చుకుంటోంది.