వాగు వంతెనపై భిన్నాభిప్రాయాలు

వరబిర్రా పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, పోసమ్ వాగు మీది చెక్క వంతెన విరిగిందా లేదా అన్న విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. ఒకటి ఆ వంతెన దాటేవాళ్లది, రెండోది దాటనివాళ్లది. పట్టణానికున్న ఏకైక వారపత్రిక 'వరబిర్రా మెసెంజర్' రెండింటికీ సమానంగా చోటిచ్చి, పత్రికా ధర్మాన్ని నాలుగు పాదాల మీద నడిపించింది.

మొదటి అభిప్రాయం నోలీన్ ప్రాథర్‌ది. వాగు అవతలి గట్టున ఆమె, ఆమె మొగుడు క్లెమ్, వాళ్ల గొర్రెలు ఉంటారు. క్లెమ్ గుండె అంత మంచిది కాదు. అది ఎప్పుడు మొరాయిస్తే అప్పుడు అంబులెన్సు ఆ వంతెన దాటి రావాలి. వేరే దారి లేదు. ఆ వంతెన పలకలు కొన్ని ఊడి వాగులో కొట్టుకుపోయాయి. నోలీన్ పట్టణ కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. అక్కడ ఫోనెత్తిన యంత్రం ఆమె ఓపికకు కృతజ్ఞతలు చెప్పింది. ఓపిక అయిపోయాక ఆమె పేపరుకెక్కింది.

విలేకరి ట్రెంట్ రెక్కలు కట్టుకుని వాలాడు. పలకలు ఊడిన చోటు చూపిస్తానని ఆమె అంటే, అది తర్వాత చూద్దాం, ముందు మీకెలా అనిపిస్తోందో చెప్పమన్నాడు. భయంగా ఉందని చెప్పింది. కోపం కూడా ఉందా అని అడిగాడు. కొంచెం ఉందంది. ఆ 'కొంచెం' ఒక్కటి వదిలేసి మిగతాది రాసుకున్నాడు.

ఇక ఫోటో. మా వైపు పత్రికల్లో బాధితులు ఎలా నిలబడాలో మీకు తెలియనిది కాదు: బాధ పెట్టిన వస్తువు పక్కన, చేతులు కట్టుకుని, మూతి బిగించి. పాపం, నోలీన్‌ది నవ్వు మొహం. కెమెరా కనిపిస్తే చాలు, పళ్లన్నీ బయటపడతాయి.

"నవ్వకండమ్మా నోలీన్. మీరు నవ్వితే వంతెన బాగానే ఉందనుకుంటారు."

"అయితే వంతెనకే తీయి నాయనా. అదేం నవ్వడం లేదుగా."

ఉత్త వంతెన ఫోటో ఎవరూ చూడరని ట్రెంట్ విడమరిచి చెప్పాడు. చేసేది లేక ఆమె చచ్చిపోయిన తన కుక్కను తలుచుకుంది. ఫోటో అద్భుతంగా కుదిరింది.

వార్త ఎడమ సగంలో పలకలు ఊడాయని నోలీన్ ఆరోపించింది. కుడి సగంలో పౌరుల భద్రతకు కట్టుబడి ఉన్నామని కౌన్సిల్ స్పష్టం చేసింది. కుడివైపు పలకల ఊసే లేదు, నిజమే. కానీ అంత గట్టిగా కట్టుబడిన వాళ్లను పట్టుకుని పలకల సంగతి అడగడం మర్యాదేనా? అసలు వివరణలు రాసే విభాగమంటే కౌన్సిల్‌కు ప్రాణం. ఉన్న ఒక్క ఇంజినీరునూ సాగనంపి, ఆయన గదిలోనే దాన్ని నెలకొల్పారు. వంతెన బాగుచేయాలంటే ఎండాకాలమంతా పడుతుంది, వివరణ రాయాలంటే ఒక పూట చాలు. పొదుపంటే అదీ.

ఊరు ఊరంతా వార్త చదివింది. నోలీన్ వేసుకున్న ఊదారంగు స్వెటర్ ఆమెకు నప్పలేదని కొందరు, నప్పిందని కొందరు తేల్చారు. తాను ఆ వంతెనను ఎన్నడూ చూడలేదు గనుక తాను మాత్రమే నిష్పక్షపాతంగా మాట్లాడగలనని ఒక పెద్దమనిషి ఉత్తరం రాశాడు. ఎడిటర్ ఆ ఉత్తరాన్ని బాక్సు కట్టి అచ్చు వేశాడు.

ప్రజల గొంతు కౌన్సిల్ చెవిన పడనే పడింది. వంతెన మొదట్లో ఒక బోర్డు వెలిసింది: బరువైన వాహనాలకు ప్రవేశం లేదు. అంబులెన్సు బరువైన వాహనం. నోలీన్ ట్రెంట్‌కు ఫోన్ చేసి నెత్తీ నోరూ కొట్టుకుంది. అతను కౌన్సిల్‌ను సంప్రదించి, 'ఫిర్యాదుపై మెరుపు వేగంతో చర్య' అని రాశాడు.

బోర్డు ఆవిష్కరణకు మేయర్ డెస్మండ్ కార్బెట్ మెడలో హోదా తెలిపే బిళ్లల గొలుసుతో విచ్చేశారు.

"మిత్రులారా, ఈ వంతెన మీద ప్రమాదం జరుగుతుందని నిన్నటిదాకా కొందరు భయపడ్డారు. ఇక జరగదు. ఎందుకంటే దీని మీదికి ఇక ఏ బరువు బండీ రాదు. ఒక అమ్మగారి గోడు మేం విన్నాం. విన్నామని చెప్పడానికే ఇంత దూరం వచ్చాం."

చప్పట్లు మోగాయి. సాసేజులు కాల్చి అందరికీ పంచారు. అవతలి గట్టున మొగుడూ పెళ్లాలు కంచె పట్టుకుని చూస్తున్నారు. మనకూ రెండు ఇటు విసరమనవే అన్నాడు క్లెమ్. నోలీన్ నవ్వింది. ఇంట్లోకి వెళ్లాక ఏడ్చింది.

శీతాకాలం చివర్లో ఒక పొద్దున క్లెమ్ గొర్రెల దొడ్డి దగ్గర కూలబడ్డాడు. అంబులెన్సు బోర్డు దాకా వచ్చి ఆగింది. డ్రైవరును అనడానికేం లేదు, బోర్డు చదవడం వచ్చినవాడు. అందులోంచి ఇద్దరు దిగి, స్ట్రెచర్ పట్టుకుని, ఊడిన పలకల సందులు దాటుకుంటూ, దొడ్డి దాకా ఉన్న పొడుగాటి పొలానికి అడ్డంపడి పరుగెత్తారు. నోలీన్ మొగుడి తల ఒళ్లో పెట్టుకుని వాళ్ల రాక కోసం చూస్తూ కూర్చుంది. వాళ్లు వచ్చేసరికి క్లెమ్ లేడు.

మర్నాడు ట్రెంట్ వచ్చాడు. టోపీ తీసి నిలబడ్డాడు. అతనికి నిజంగానే బాధగా ఉంది, ఆ మాట చెప్పుకోవాలి.

"ఆ వంతెన, ఆ బోర్డు కలిసి నా మొగుణ్ణి చంపాయని రాయి నాయనా. ఇంకేం అక్కర్లేదు."

"అలా రాయకూడదమ్మా. భార్య ఆరోపణ అని రాస్తాను. కౌన్సిల్ వాళ్ల మాట కూడా వేయాలి కదా."

"ఏం, వాళ్ల మొగుడూ పోయాడా?"

ట్రెంట్ అది రాసుకోలేదు.

ఆ వారం ఎడమ సగంలో తన మొగుడు చనిపోయాడని నోలీన్ ఆవేదన వ్యక్తం చేసింది. కుడి సగంలో కౌన్సిల్ ప్రగాఢ సానుభూతి తెలుపుతూనే, డ్రైవరు బోర్డును గౌరవించినందువల్ల వంతెన మీద ఘోర ప్రమాదం తప్పిందని సంతృప్తి ప్రకటించింది. రెండు సగాలూ ఒకే పొడవున వచ్చాయి.

అంత్యక్రియలయ్యాక నోలీన్ రొట్టెల కొట్టుకు వెళ్తే గ్లెనిస్ ఎదురైంది. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. నోలీన్ పెళ్లిలో పక్కన పూలగుత్తి పట్టుకుని నిలబడింది ఈ గ్లెనిసే. నోలీన్‌ను కావలించుకుని భోరుమంది. అది దొంగేడుపేమీ కాదు. కళ్లు తుడుచుకుని అంది:

"పేపర్లో చదివానే నోలీనూ. కడుపు తరుక్కుపోయింది. కాకపోతే రెండువైపులా ఎంతో కొంత న్యాయం ఉంటుంది కదే."

అవతలివైపున్న న్యాయం ఏమిటో చెప్పమని నోలీన్ నెమ్మదిగా అడిగింది. గ్లెనిస్ తప్పించుకోలేదు. రొట్టె సంచీ చంకలో పెట్టుకుని నిజాయితీగా ఆలోచించింది.

"నాకేం తెలుసే. సగం పేజీ ఇచ్చారంటే ఏదో ఉండే ఉంటుంది."

అయ్యా, గ్లెనిస్‌ను ఆడిపోసుకోకండి. మీరు మాత్రం ఏం తక్కువ తిన్నారు? క్లెమ్ పోయాడని చదివిన మరుక్షణం, మరి కౌన్సిల్ వాళ్లేమన్నారో చూద్దామని మీ మనసూ కుడివైపుకు వెళ్లింది. కాదనకండి.