గోల్‌పోస్టు ముందు గరిక

ఆ ఉదయం రాజమౌళి చేయాల్సింది ఒక్కటే పని. వలస వచ్చిన తెలుగు నేతగాళ్ల సమాజం అధ్యక్షుడు రాజనర్సు వచ్చేలోగా బమ్రోలి మైదానంలో గడ్డి కోయించాలి. గడ్డి ఆటకు పనికొచ్చేలా కనిపిస్తే మైదానం గడ్డిదే. లేకపోతే అక్కడికక్కడే ప్లాస్టిక్ టర్ఫ్ కంపెనీకి రాజనర్సు సంతకం పెట్టేస్తాడు. కమిటీలో మాట అలా కుదిరింది.

మగ్గాలు బాగుచేసే జాబర్ రాజమౌళికి కమిటీలో ఓటు లేదు. కూతురు మాత్రం ఉంది. సింధూజ గోల్‌కీపర్. అద్దె టర్ఫ్ మీద బంతి కోసం దూకిన ప్రతిసారీ మోకాళ్లూ మోచేతులూ చెక్కుకుపోయి ఇంటికి వచ్చేది. ఎండాకాలంలో అది టర్ఫ్ కాదు, పెనం. ఆదివారం జిల్లా జట్టు సెలెక్షన్ మ్యాచ్ ఉంది. అది ఈ గడ్డి మీదే జరగాలన్నది ఆమె పట్టు.

అందుకే వానాకాలమంతా రాజమౌళి ఆ నేలతో కుస్తీ పట్టాడు. బండలా గట్టిపడిన మట్టిని పాత మగ్గాల ఇనుప కడ్డీలతో పొడిచి, ఆ బెజ్జాల్లో ముతక ఇసుక నింపాడు. అంచుల్లోంచి గరిక గడ్డలు పెకలించి తెచ్చి, చిరిగిన చీరకు రఫూ చేసినట్టు బోడిపడ్డ చోటల్లా నాటాడు. గోల్‌పోస్టు ముందు కూడా పచ్చబడింది. కాకపోతే చీలమండ దాకా పెరిగింది. బంతి వేస్తే దొర్లదు, పడుకుంటుంది.

కోత మిషన్ వాడికి ఫోన్ చేశాడు.

"మిషన్ అమ్రోలిల ఉన్నదన్నా. రేపు వినాయక చవితి గదా, మండపం కాడ జాగ సాఫ్ చేస్తున్నం. ఎల్లుండొస్త."

"ఎల్లుండి దాక ఇక్కడ గడ్డుండదురా!"

అవతల ఫోన్ పెట్టేశాడు. ఇవతల గేటు దగ్గర టెంపో ఆగింది. అందులో ఆకుపచ్చ ప్లాస్టిక్ చుట్టలు, పారలు, కూలీలు. ముందు సీట్లోంచి కూలీల మేస్త్రీ, ముకద్దం దిగాడు.

"టర్ఫ్ సేఠ్ జల్ది పొమ్మన్నడు. ఎట్లయినా ఇయ్యాల సంతకమైతదట. అందాక గడ్డి గీకి పెడతం."

రాజమౌళి అడ్డం వెళ్లాడు. ముకద్దం పార మొదటి దెబ్బ గోల్‌పోస్టు ముందే పడబోతోంది.

"ఆగు! నీ పేరేందే?"

"గణపతి."

"గణపతివై ఉండి గరికను గీకుతవా?"

పార గాలిలో ఆగింది.

"ఇది ఉత్త గడ్డి గాదు," రాజమౌళి గొంతు తగ్గించాడు. "దేవునికి మొక్కి నాటిన గరిక. రేపు చవితి. దీని మీద పార పెడితే, ఇగ నీ ఇష్టం."

గణపతి చెప్పులు విప్పాడు. వెనక కూలీలు కూడా విప్పారు. "సేఠొచ్చినంక ఆయన్నే అడుగుతం తియ్," అని అందరూ టెంపో నీడన కూర్చున్నారు.

అయితే ప్రహరీ గోడ అవతల, ఆ గల్లీలోనే ఉండే కనకవ్వ పాల ప్యాకెట్టుతో నిలబడి ఉంది. కనకవ్వ చెవిన పడ్డ మాటకు తాపీ నది దాటడానికి వంతెన అక్కర్లేదు. ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె గొంతు మోగింది: "సమాజం మైదానంల మొక్కిన గరికున్నదట. జల్ది రార్రి, అయిపోతది!"

ముందు గల్లీ వాళ్లు వచ్చారు. తర్వాత పర్వత్ పాటియా పేటవాళ్లు. ఆ తర్వాత నది అవతలి అమ్రోలి నుంచి ఆటోల్లో దిగారు. సంచులు తెరిచి గోల్‌పోస్టు ముందు బైఠాయించారు. గుప్పెడు పట్టి లాగితే గరిక వేళ్లతో సహా వస్తోంది.

"పీకకుర్రి!" రాజమౌళి పరుగెత్తాడు.

"ఏందిరా నీ లొల్లి?" కనకవ్వ కొంగు బిగించింది. "దేవుని గరిక అన్నది నువ్వే గదా? దేవునికే తీస్కపోతున్నం. కాదా మరి?"

టెంపో నీడలో గణపతి లేచి నిలబడ్డాడు. చెయ్యి పార మీద ఉంది. చెవి ఇటే ఉంది.

ఔనంటే ఆడవాళ్లు పీకుతారు. కాదంటే గణపతి గీకుతాడు.

అప్పుడే ప్రాక్టీసుకు వచ్చిన సింధూజ కేక వేసింది. "బాపూ, క్యా హో రహా హై? నా పెనాల్టీ బాక్స్ సంచుల్లకు పోతున్నది!"

"దోషం!" అని అరిచాడు రాజమౌళి. నోటికి ముందుగా వచ్చిన మాట అదే. "వేర్లతోటి పీకితే దోషం! కొసలే తీస్కోవాలె. మూడు రేకుల కొసలు!"

"ఎవలు జెప్పిన్రు?"

"అయ్యగారు."

"ఏ అయ్యగారు?"

"మన అయ్యగారే."

కనకవ్వ ఫోన్ తీసింది. స్పీకర్ పెట్టింది. మైదానం మొత్తం చేతులు ఆపి వింటోంది. గణపతి నాలుగడుగులు ముందుకు వచ్చాడు. రాజమౌళి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అయ్యగారూ, గరిక వేర్లతోటి పీకితే దోషమా?"

చవితి పూజల బేరాల మధ్య అయ్యగారికి ఊపిరాడటం లేదు. "వేర్లెందుకమ్మా, బురదతోటి దేవుని మీద వేస్తవా? మూడు రేకుల లేత కొసలే శ్రేష్ఠం. పెట్టు ఫోన్."

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు రాజమౌళి.

ఆ ఆడవాళ్లలో సగం మంది ఇళ్లలో చీరల దారాలు కత్తిరించే పని చేస్తారు. చిన్న కత్తెరలు బయటికి వచ్చాయి. వరుసగా కూర్చుని, అంచు దాటకుండా, ఎగుడుదిగుడు లేకుండా ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా జరుగుతూ పోయారు. వాళ్ల వెనక మైదానం కొత్త తివాచీలా తేలింది.

చివరి వరుస లేస్తుండగా రాజనర్సు కారు వచ్చింది. పక్కన టర్ఫ్ సేఠ్, చేతిలో పెన్ను. సింధూజ బంతిని మెల్లగా తన్నింది. అది ఎక్కడా ఎగరకుండా, ఆగకుండా దొర్లి రాజనర్సు బూటుకు తగిలింది. ఆయన గడ్డిని చూశాడు. తర్వాత ఆడవాళ్లను, వాళ్ల సంచులను చూశాడు. "దేవునికి మొక్కిన గరిక నర్సన్నా," అని కనకవ్వ చెప్పింది. సమాజం ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి.

"ప్లాస్టిక్ గీస్టిక్ ఏమొద్దు," అన్నాడు. "గడ్డే ఉంటది."

సింధూజ ఎగిరి గంతేసింది. రాజమౌళి కళ్లు తుడుచుకున్నాడు. సేఠ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. రాజనర్సు బూట్లు విప్పి, చేతులు జోడించి, గొంతు పెంచాడు.

"గింత మహిమ గల్ల జాగల ఇన్నొద్దులు ఆటలాడనిచ్చినం. తప్పే! ఇయ్యాల్టి సంది బంతి బంద్. ఒక్క కాలు పడొద్దు!"

చప్పట్లు మోగాయి.

"నర్సన్నా, మరి ఆదివారం మా పోరీ మ్యాచ్..." రాజమౌళి ఆయన ముందుకు వచ్చాడు. "నిజం జెప్తున్న, ఇది ఉత్త..."

గణపతి పార అందుకున్నాడు.

"ఉత్త ఏంది?" అన్నాడు రాజనర్సు.

రాజమౌళి పారను చూశాడు, గడ్డిని చూశాడు, కూతురిని చూడలేకపోయాడు. "ఉత్త చేతులతోటి కాపాడినన్నా."

"ఇగ నువ్వే కాపాడు," అని రాజనర్సు అక్కడికక్కడే అతణ్ణి కాపలాకు పెట్టి, మెడలో ఈల వేశాడు.

మరునాడు పొద్దున్నే రాజమౌళి ఈల ఊది బయటికి పంపిన మొదటి మనిషి సింధూజ.