బడిని జరిపిన మంత్రిగారు

ఇకపై మన పిల్లలెవరూ సముద్రాన్ని నీళ్లలో వెతుక్కోనక్కర్లేదని విద్యామంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సముద్ర శాస్త్ర పాఠాలను డిజిటల్ మ్యాపులతో ఎలా చెప్పాలో మూడు వందల మంది టీచర్లకు నేర్పే మూడు రోజుల మహాశిక్షణ అలా మొదలైంది. హాలు సముద్రానికి ఐదు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. తేమ తగిలితే కంప్యూటర్లు పాడవుతాయని ముందుచూపుతో అంత దూరం ఎంచుకున్నారట. మన ప్రభుత్వం ఏదీ ఆషామాషీగా చెయ్యదు.

రెండో వరసలో కూర్చున్న సైన్సు టీచరమ్మకు మాత్రం ఈ శిక్షణ మీద నిజంగానే ఆశ ఉంది. ఆమె బడి సముద్రం ఒడ్డున ఉంది. నిరుడు నూరడుగుల అవతల ఆగిన అల, ఈ ఏడు గోడను కొడుతోంది. ఐదో తరగతి గది నేల బీటలిచ్చింది. బడిని లోపలికి మార్చమని ఆమె పదకొండు అర్జీలు పెట్టుకుంది. అన్నిటికీ ఒకటే జవాబు: డిజిటల్ ఆధారం జతచేయవలెను. వానలు ముంచుకొచ్చేలోపు ఆ ఆధారమేదో సంపాదించి, పిల్లల్ని ఆ గదుల్లోంచి బయటపడేద్దామనే ఆమె ఇంత దూరం వచ్చింది.

మొదటి రోజు అందరికీ పాస్‌వర్డులు ఇచ్చారు. రెండో రోజు, అవి మరిచిపోయినవాళ్లకు కొత్తవి ఇచ్చారు. మూడో రోజు ఫొటోల కోసం మంత్రిగారు మళ్లీ వస్తున్నారని తెలిసి, మ్యాపు తెరిచారు.

టీచరమ్మ తన బడి ఉన్నచోట చుక్క పెట్టింది. బయల్దేరే ముందు టేపుతో కొలిచి తెచ్చుకున్న లెక్క ప్రకారం అల ఎక్కడిదాకా వస్తోందో గీత గీసింది. వెంటనే తెర ఎర్రబడింది.

ట్రైనరు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశారమ్మా? అందరివీ పచ్చగా ఉంటే మీదొక్కటే ఎర్రగా ఉందేంటి?"

"మా బడి ప్రమాదంలో ఉంది బాబూ. అదే చూపిస్తోంది."

"ప్రమాదం మీ బడికి కాదండీ, నాకు! మంత్రిగారు మెట్లెక్కుతున్నారు!"

మంత్రిగారు సరిగ్గా ఆ ఎర్ర తెర ముందే ఆగారు. టీచరమ్మ లేచి చేతులు జోడించింది. "నూట నలభై మంది పిల్లలండీ. ఇప్పటికి పదకొండు అర్జీలు పెట్టుకున్నాను. బడిని ఒక్క కిలోమీటరు లోపలికి జరిపించండి సార్, మీకు పుణ్యముంటుంది."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఫొటోగ్రాఫరు దగ్గరికొచ్చేదాకా ఆయన వాటిని తుడుచుకోలేదు.

"ఒక్క కిలోమీటరేనా తల్లీ? దీనికి పదకొండు అర్జీలు పెట్టించుకుంటారా?" అని వెనకే వచ్చిన విద్యాశాఖ డైరెక్టరు వైపు ఉరిమి చూశారు. మౌస్ పట్టుకున్నారు. చుక్కను నొక్కి మెల్లగా లోపలికి లాగారు. కిలోమీటరు దగ్గర ఆగబోయి, ప్రజల మీద ప్రేమకొద్దీ ఇంకో కిలోమీటరు కూడా లాగి వదిలారు. తెర పచ్చబడింది.

హాలంతా లేచి నిలబడింది. "ఒక్క ఇటుక కదలకుండా బడిని కదిపారు సార్!" అన్నాడు డైరెక్టరు గద్గదంగా.

"సార్, మీరు జరిపింది చుక్కనండీ..." అంది టీచరమ్మ.

"మొహమాటపడకు తల్లీ, ఇది నా బాధ్యత" అని మంత్రిగారు ఆమె చేతిలో సర్టిఫికెట్ పెట్టారు. మర్నాడు పేపర్లలో ఇద్దరి ఫొటో వచ్చింది.

టీచరమ్మ తిరిగొచ్చి బడిలో అడుగుపెట్టిన రోజే, ఆ మ్యాపును బట్టి నడిచే హాజరు యాప్ మొరాయించింది. "మీరు పాఠశాలలో లేరు" అంది. ఆమె నల్లబోర్డు ముందు నిలబడి నొక్కింది, గుమ్మంలో నిలబడి నొక్కింది. ఎక్కడ నొక్కినా అదే మాట. ఈలోపు వానలు మొదలై ఐదో తరగతి గది గోడ కూలింది. గదిలో ఎవరూ లేని సమయం కాబట్టి సరిపోయింది. ఆమె ఆ రోజే పన్నెండో అర్జీ పంపింది.

ఈసారి వారం తిరక్కుండానే జవాబొచ్చింది. గదిలోకి నీళ్లొచ్చి ఉండటంతో టీచరమ్మ బెంచీ ఎక్కి చదువుకుంది:

"మీ పాఠశాల తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో సురక్షితంగా నడుస్తున్నది. మీరు మాత్రం ఇరవై రోజులుగా విధులకు గైర్హాజరై, నూట నలభై మంది పిల్లలను వెంటబెట్టుకుని సముద్రంలో ఉంటున్నట్లు మా దృష్టికి వచ్చినది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."