గ్రీన్ టీలో గడ్డి

నాది అనుమానపు మనస్తత్వమని మా ఆవిడ ప్రసన్న అంటూ ఉంటుంది. అదేం కాదు. ఏ మాటనైనా వెంటనే నమ్మను, అంతే. నమ్మకపోవడానికీ అనుమానించడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఏమిటని అడిగితే మాత్రం చెప్పలేను.

మీరే చెప్పండి. మాది ముక్తేశ్వరం. ఇంటి చుట్టూ కొబ్బరితోట. పొద్దున్నే తలుపు తీస్తే మొహానికి తగిలేది గోదావరి గాలి. ఊళ్లో పొగ అంటే కొబ్బరి డొక్కలు కాల్చినప్పుడు వచ్చేది, లేదంటే మా కేశవరావు తన పాత మోటారుసైకిల్ స్టార్టు చేసినప్పుడు వచ్చేది. అలాంటి ఊళ్లో కూర్చుని ఒక మనిషి పొల్యూషన్ నుంచి చర్మాన్ని కాపాడుకోవాలంటూ రోజూ గ్రీన్ టీ తాగుతుంటే మీకైతే అనుమానం రాదా?

మా అమ్మాయి సత్యప్రియ హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ప్రసన్న వెళ్లి కొన్నాళ్లుండి వచ్చింది. వెళ్లేటప్పుడు సున్నుండల డబ్బా పట్టుకెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు ఎండుటాకుల డబ్బా పట్టుకొచ్చింది.

"ఏమిటిది?" అన్నాను.

"గ్రీన్ టీ అండి. అమ్మాయి ఇచ్చింది. సిటీలో దుమ్మూ పొగా చర్మాన్ని పాడుచేసేస్తాయంట. రోజూ ఇది తాగితే మంచిదంట."

"సిటీ అక్కడుంది. నీ మొహం ఇక్కడుంది కదా?"

"మొహం ఎప్పుడూ ఒకేచోట ఉంటుందాండి?" అంది, డబ్బా అలమారలో పెడుతూ.

నా గుండెల్లో రాయి పడింది. మొహం ఇక్కడి నుంచి కదులుతోందంటే, దాని వెనకాల మనిషి కూడా కదులుతున్నట్టే కదా!

ఆ రోజు నుంచి ఆమె ప్రతి మాటా జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను. వింటున్నకొద్దీ భయం పెరిగింది. ఓసారి అన్నం వడ్డిస్తూ, "మీకు లిఫ్టంటే భయమాండి?" అంది. ఇంకోసారి నేను పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే, "ఈ కుర్చీ బాల్కనీలో పడుతుందంటారా?" అంది. మా ఇంటికి అరుగుంది, పెరడుంది, వసారా ఉంది. బాల్కనీ లేదు. అంటే ఎక్కడో ఉన్న బాల్కనీకి నా కుర్చీ కొలత తీస్తోంది.

సూటిగా అడగొచ్చు కదా అంటారు. అడిగితే "అవునండి, మకాం మార్చేద్దాం" అంటే? అప్పుడేం చెయ్యాలి? అడగనంతకాలం ఆ మాట బయటికి రాదు. బయటికి రానంతకాలం నా తోట నాకుంటుంది. నిజం చెబుతున్నాను, ఆ తోట వదిలి ఉండలేను. అమ్మాయి ఉద్యోగంలో చేరినప్పటి నుంచి "నాన్నా, ఒక్కసారి వచ్చి పది రోజులుండండి" అని పిలుస్తూనే ఉంది. వస్తానంటాను. తీరా బయల్దేరాల్సిన రోజుకి దింపు వస్తుంది. దింపంటే చెట్ల నుంచి కొబ్బరికాయలు దించే పని. అది కాకపోతే గేదె ఈనుతుంది. ఇవేవీ లేకపోతే నాకే నడుము పట్టేస్తుంది.

విషయం కేశవరావు చెవిన వేశాను. చిన్నప్పటి నుంచీ నాకు సలహాలిచ్చేది వాడే. ఊళ్లో అందరూ వాణ్ణి కంగారు కేశవరావు అంటారు.

"ఒరేయ్ గంగాధరం, నీ పనైపోయిందిరా," అన్నాడు అంతా విని. "మా చెల్లెమ్మ ముందు చర్మాన్ని సిద్ధం చేస్తోంది. తర్వాత సామాను సర్దుతుంది. ఆఖరికి నిన్ను కూడా సర్దేస్తుంది."

"మరేం చెయ్యమంటావు?"

"ఆ టీ మాన్పించు. టీ పోతే మొహం మీద నమ్మకం పోద్ది. నమ్మకం పోతే ఆ సిటీ గాలికి భయపడి ఇక్కడే ఉండిపోద్ది."

ఆలోచిస్తే అది నాకు చాలా తెలివైన మాటగా తోచింది. అలా తోచడమే ప్రమాదమని నాకు తెలియదు.

మా గేదెకి వేసే నేపియర్ గడ్డి కాస్త కోసి, కొబ్బరి ఎండబెట్టే కళ్లంలో ఒక మూల ఎండేశాను. ఫెళఫెళలాడేలా ఎండాక అరచేతుల్లో నలిపాను. చూస్తే అచ్చం ఆ ఆకులాగే ఉంది. ప్రసన్న గుడికెళ్లిన సమయం చూసి డబ్బాలో గడ్డి పోశాను. అసలు ఆకుని కాగితంలో పొట్లం కట్టి కేశవరావు చేతిలో పెట్టాను.

"ఎక్కడైనా పారెయ్యరా."

"నాకొదిలెయ్," అన్నాడు వాడు. వాడికి వదిలేసిన పని ఏదీ ఇంతవరకూ సవ్యంగా జరగలేదన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు.

మర్నాడు ప్రసన్న గ్రీన్ టీ కాచింది. ఆ వాసనకి పాకలో మా గేదె తలెత్తి చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని ఆమె మొహమే గమనిస్తున్నాను. ఒక గుక్క తాగింది. ఆగింది. నా వైపు చూసింది. తర్వాత కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పని జరిగిందనుకున్నాను. ఒకటి రెండు రోజులు ఇంట్లో టీ ఊసే లేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న పింగాణీ కప్పు తను పట్టుకుని, పెద్ద స్టీలు గ్లాసు నిండా పోసి నా ముందు పెట్టింది.

"ఇదెందుకు?"

"మీరూ తాగండి. మీది మాత్రం చర్మం కాదాండి?"

"నాకలవాటు లేదు."

"అలవాటు తాగితేనే కదండి అయ్యేది. ఏం, అందులో ఏమైనా ఉందాండి?"

ఆ ప్రశ్న వేసిన తీరు నాకు నచ్చలేదు. వద్దంటే ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. తాగాను. ఆ రుచి ఎలా ఉందని అడక్కండి. మా గేదె మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

ఆమె మాత్రం కళ్లు మూసుకుని, "అబ్బ, ప్రాణానికి హాయిగా ఉందండి," అంది. రోజూ అదే వరస. నేను గడ్డి తాగుతున్నాను, ఆమె హాయిగా ఉందంటోంది. పైగా మొహంలో కళ కూడా వచ్చింది! గడ్డికి ఇంత గుణముందా? ఉంటే మా గేదె ఎందుకలా ఉంది?

అసలు చిక్కు వచ్చేపోయేవాళ్లతో మొదలైంది. ఇంటికొచ్చిన వాళ్లకి పెట్టకుండా మనం తాగడమనేది మా వైపు లేదు. పక్కింటి దుర్గాశ్రీ చక్కెర అప్పు కోసం వచ్చింది, ఆమెకో కప్పు. పోస్టు ఇవ్వడానికొచ్చిన వాళ్లకో కప్పు. అరుగు మీద కాసేపు కూర్చున్న పాపానికి ఎవరికైనా ఒక కప్పు.

తాగిన ప్రతివాళ్లూ, "చాలా బాగుందండీ, ఆయ్," అనేవాళ్లే.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. ఎందుకంటే మావాళ్ల సంగతి నాకు తెలుసు. పోసినవాళ్లు నొచ్చుకుంటారని బాగోలేదన్న మాట నోట రానివ్వరు. మా మేనమామగారికి ఒకసారి ఎవరింట్లోనో పొరపాటున పంచదార బదులు ఉప్పేసి కాఫీ ఇచ్చారు. ఆయన చివరి చుక్క దాకా తాగి, "మీ నూతి నీళ్లలోనే ఏదో ఉందండీ," అన్నారు. వాళ్లు సంతోషించి ఇంకో కప్పు ఇచ్చారు. అది కూడా తాగారు. అలాంటి మనుషుల చేత నేను గేదె మేత తాగిస్తున్నాను! మూడు తరాలుగా మా ఇంట్లో అన్నం తిని మెచ్చుకోని మనిషి లేడని మా నాన్న గర్వంగా చెప్పేవారు. ఆయన ఫొటో వైపు చూడ్డం మానేశాను.

మాన్పిద్దామన్నా దారి కనబడలేదు. "అందరికీ పోస్తున్నావు, ఆకు అయిపోవడం లేదూ?" అని అడిగాను.

"అదేనండి విచిత్రం. డబ్బా ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటోంది," అంది నా కళ్లలోకి చూస్తూ.

నిజమే. ఖాళీ అయితే అనుమానం వస్తుందని నేనే నింపుతున్నాను. కళ్లంలో నా గడ్డి మడి రోజురోజుకీ పెద్దదవుతోంది.

ఇంతలో అల్లవరం నుంచి నాగదుర్గాప్రసాద్ దిగాడు. ప్రసన్న పిన్ని కొడుకు, నాకు బావమరిది. వాడికి రొయ్యల చెరువులున్నాయి. కొబ్బరితోట కనబడితే అందులో చెరువు తవ్వితే ఎలా ఉంటుందా అని చూసే రకం. వచ్చీ రాగానే నన్ను పలకరించి, తిన్నగా తోటలోకి నడిచాడు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి తలెత్తి చూస్తున్నాడు. మధ్యలో ప్రసన్నతో ఏదో గుసగుసలాడుతున్నాడు.

నాకంతా అర్థమైపోయింది. తోట వాడికి కౌలుకిచ్చేస్తోంది. నా చెట్లు కొట్టించి రొయ్యలు పెంచుతాడు. నేను హైదరాబాదులో ఏదో బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పోయే కార్లు చూసుకుంటూ కూర్చుంటాను.

సాయంత్రం అరుగు మీద అందరూ చేరారు. ప్రసాద్, దుర్గాశ్రీ, కేశవరావు, వాడి భార్య కాంతం. ప్రసన్న పళ్లెంలో కప్పులు తెచ్చి అందరికీ ఇచ్చింది. నా స్టీలు గ్లాసు నాకిచ్చింది.

ప్రసాద్ ఒక గుక్క తాగి, "అద్భుతంగా ఉందక్కా," అన్నాడు. నా వైపు తిరిగి, "తోటంతా చూసేనండి బావగారూ. మీరేం బెంగ పెట్టుకోకండి. ఇంక నాకొదిలెయ్యండి," అన్నాడు.

ఆ 'నాకొదిలెయ్యండి' అన్న మాటతో నాలో ఏదో తెగింది. లేచి నిలబడ్డాను.

"ఎవరూ తాగకండి! అది టీ కాదు. గడ్డి! మా గేదెకి వేసే గడ్డి! ఎండబెట్టి నేనే డబ్బాలో పోశాను. ఇన్నాళ్లూ మీ అందరిచేతా అదే తాగించాను. మీరు మర్యాదకి బాగుందంటున్నారు గానీ నాకు తెలుసు. నన్ను క్షమించండి."

దుర్గాశ్రీ కప్పులోకి చూసింది. కేశవరావు మాత్రం ఆకాశంలోకి చూశాడు.

"కంగారు పడకండి, తాగండి," అంది ప్రసన్న నింపాదిగా. "మీ కప్పుల్లో ఉన్నది అసలు టీయే. గడ్డి ఈయనగారి గ్లాసులోనే ఉందండి. మొదట్నుంచీ ఈయనకొక్కరికే పోస్తున్నాను. డబ్బాలో మిగతాది రోజూ గేదెకే వేసేస్తున్నాను."

"నీకు... నీకెలా తెలుసు?"

"కేశవరావు అన్నయ్యగారు ఆ పొట్లం కాంతం వదినకి బహుమతిగా ఇచ్చేరండి. రాజమండ్రిలో ప్రత్యేకంగా కొన్నానని చెప్పేరంట. ఎలా కాచాలో తెలీక వదిన నాకే ఫోన్ చేసింది. వెంటనే వెళ్లి తెచ్చేసుకున్నాను."

"ఆయ్, పెళ్లయ్యేక ఈయన నాకేదన్నా తెచ్చివ్వడం అదే మొదలండి," అంది కాంతం. "నాకప్పుడే అనుమానం వచ్చింది."

కేశవరావు మోటారుసైకిల్ తాళాలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"అసలు ఎందుకు చేసేరండి ఈ పని?" అడిగింది ప్రసన్న.

ఇక దాచడానికి ఏముంది? "ఎందుకేమిటి! నువ్వు హైదరాబాదుకి మకాం మార్చేస్తున్నావు. తోట వీడికిచ్చేస్తున్నావు. నేనక్కడ బతకలేను ప్రసన్నా. ఈ చెట్లు లేకపోతే నాకు ఊపిరాడదు," అన్నాను.

"మకామా? ఎవరన్నారండి?"

"బాల్కనీ అన్నావు. లిఫ్టన్నావు."

"బాల్కనీలో కుర్చీ పడుతుందా అన్నాను. మకాం అన్నానా? అమ్మాయి దగ్గర పది రోజులుండి వద్దామనుకున్నాను, అంతేనండి. అక్కడున్న పది రోజులూ దుమ్ముకి మొహం పాడవకుండా ముందే ఈ టీ మొదలెట్టేను. దింపు చూసుకోడానికీ, గేదెకి మేత వెయ్యడానికీ తమ్ముణ్ణి రమ్మన్నాను. మీరు వస్తారో రారో అని చెప్పలేదు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తోట ఎక్కడికీ పోవడంలేదు! రొయ్యలు రావడంలేదు! ఆ సంతోషంలో ఏమంటున్నానో నాకే తెలియలేదు.

"పది రోజులేనా? ఓస్! నెలరోజులుందాం!" అన్నాను.

"ఆయ్!" అన్నారు అరుగు మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా. ఇంతమంది ముందు అన్న మాట. వెనక్కి తీసుకునే వీల్లేదు.

ప్రసన్న అప్పుడే ఫోన్ చేసి నా చేతికిచ్చింది. "నాన్నా, నిజంగా వస్తున్నారా?" అంది సత్యప్రియ. వస్తున్నానన్నా నమ్మక మళ్లీ మళ్లీ అదే అడిగింది. ఆ పిల్ల గొంతు అలా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో వెళ్లేవాణ్ణి.

అందరూ వెళ్లాక, "బస్సు టికెట్లు ఎప్పుడు తీద్దాం?" అని అడిగాను.

"తీసేసేనండి. ఈ ఆదివారం, అమలాపురం నుంచి."

"తిరుగు ప్రయాణం?"

"వచ్చే నెలండి."

"పది రోజులన్నావు కదా? నేను నెలంటానని నీకు ముందే ఎలా తెలుసు?"

"పది రోజులకి రమ్మని అమ్మాయి ఎన్నేళ్ల నుంచి అడుగుతోందండి? అప్పుడు మీకు పది రోజులే ఎక్కువయ్యేయి. ఇల్లే మారిపోతున్నామని భయపడితే గానీ మీకు నెల చిన్నగా కనబడదండి."

బాల్కనీ, లిఫ్టు, మొహం ఒకేచోట ఉండకపోవడం, అన్నీ వరసగా తలుచుకున్నాను. వాటిల్లో ఒక్క అబద్ధం కూడా లేదు. అనుకోవాల్సినవన్నీ నా అంతట నేనే అనుకునేలా చేసింది.

వెళ్లి పెట్టె దించి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను. నెలకి చొక్కాలు తక్కువ పడేలా ఉన్నాయి. రేపు అమలాపురం వెళ్లి కొనుక్కొస్తానన్నాను.

"అక్కర్లేదండి. అమ్మాయి కొనుంచింది," అంది ప్రసన్న.

"ఎప్పుడు? ఇప్పుడే కదా వస్తానన్నది?"

"మీరు మొదటిసారి వస్తానని చెప్పి రాలేదు చూడండి, అప్పుడు కొందండి. బీరువాలో అలానే ఉన్నాయి."

పెట్టెలో సర్దిన చొక్కాలన్నీ తీసి పక్కన పెట్టేశాను. అప్పటికీ ఇప్పటికీ నాకు పొట్ట పెరిగింది. ఆ చొక్కాలు పడతాయో లేదో తెలియదు. పట్టకపోయినా వేసుకుంటాను.