టైలరమ్మకు కుట్టు నేర్పిన వైనం

ఆ రోజు పొద్దున్నే టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పేదరిక నిర్మూలన సంస్థవాళ్లు వచ్చేలోగా కుట్టుమిషన్ను పక్కింటికి చేర్చాలి, వాళ్లు వెళ్లాక తెచ్చుకోవాలి. అంతే.

ఇందులో బుర్ర మొగుడిది, మోత ఆవిడది. కాలితో తొక్కే ఆ పాత మిషన్ నాలుగు కుట్లకోసారి మొండికేస్తోంది. మోటారు మిషన్ ఉన్నవాళ్లకే స్కూలు యూనిఫారాలు కుట్టే పని ఇస్తానని హెడ్మాస్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ పని దొరికితే ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుంది. సంస్థవాళ్లేమో మోటారు మిషన్లు ఊరికే పంచుతున్నారట. "మిషన్ ఉన్నోళ్లకి మిషన్ ఎవడిస్తాడే? ఏమీ లేనట్టు కనబడాలి," అన్నాడు మొగుడు. ఆయన ఏ పనీ చేయడు కనుక ఆలోచించడానికి తీరిక ఎక్కువ.

పక్కింటి ఇస్త్రీ వదిన మంచి మనిషి. ప్రాణం పోయినా గుట్టు విప్పనని ఒట్టేసి, వేరే చోటు లేక మిషన్ను నట్టింట్లోనే పెట్టుకుంది.

సంస్థ ఆఫీసరు పెద్ద జీపులో దిగాడు. ఆ జీపు ఖరీదుతో వీధి మొత్తానికీ మిషన్లు కొనొచ్చు, కానీ ఆయన చదువుకున్న పేదరికపు కారణాల్లో జీపు లేదు. ఇల్లంతా కలయజూసి, ఆవిడ మెడలో వేలాడుతున్న కొలతల టేపు దగ్గర ఆగాడు. హడావుడిలో దాన్ని తీయడం మరిచిపోయింది మహాతల్లి. మొగుడు చప్పున అందుకున్నాడు. అది నడుంనొప్పికి బిగించి కట్టుకునేదట, ఆవిడకు కుట్టడం మాట దేవుడెరుగు, సూదిలో దారం ఎక్కించడమే రాదట. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది.

"మీ పేదరికానికి కారణం దొరికిందమ్మా. మీకు పని రాదు."

వీధిలో సగం మంది ఒంటిమీద బట్టలు తను కుట్టినవే. టైలరమ్మకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయి, మోటారు మిషన్ గుర్తొచ్చి కోపం దిగమింగింది.

ఆఫీసరు పక్కింట్లోకి వెళ్లి, మిషన్ ఎవరిదని అడిగాడు. ఒట్టేసిన వదిన తనదేనంది. కుట్టడం వచ్చా అంటే, వీధికంతా నేనే కుడతానంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, పాపం కాస్త గట్టిగానే అతికించింది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. పని రాని ఆడవాళ్లకు కుట్టు శిక్షణ, అందులో మొదటి పేరు టైలరమ్మదే. టీచరుగా ఇస్త్రీ వదిన, జీతంతో సహా. ఆవిడ "సొంత" మిషన్ కూడా శిక్షణ కేంద్రానికి తరలిపోయింది. టైలరమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే మోటారు మిషన్ రాదు, ఊరుకుంటే ఉన్న మిషన్ చేతిలో లేదు.

"వదినా, నాకు ముచ్చెమటలు పోస్తున్నాయి. నువ్వు ముందు వరసలో కూర్చుని సైగలు చెయ్యి," అని బతిమాలింది టీచరు.

సైగలు చేసినా లాభం లేకపోయింది. టీచరు కుట్టిన చొక్కా చెయ్యి రెండువైపులా మూతపడిపోయింది, చెయ్యి దూరే దారే లేదు. టైలరమ్మ చూడలేకపోయింది. టీచరును పక్కకు జరిపి, మిషన్ ముందు కూర్చుని, కాలరుతో సహా చొక్కా కుట్టిపారేసింది. తల ఎత్తేసరికి గుమ్మంలో ఆఫీసరు.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. దారం ఎక్కించడం రాని మనిషి ఒక్క పూటలో చొక్కా కుట్టిందంటే అది బోధన మహిమేనన్నాడు. అక్కడికక్కడే టీచరుకు మోటారు మిషన్ బహుమతిగా ప్రకటించాడు.

"మరి నాకండీ?" అంది టైలరమ్మ.

"మీకెందుకమ్మా? పని వచ్చేసిందిగా. ఇక మీరు పేదవాళ్లు కారు."

టైలరమ్మ ఇంటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చింది. చీకటి పడే వేళకు గుమ్మంలో ఇస్త్రీ బండి ఆగింది. బండి మీద రెండు మిషన్లు, పాతదీ కొత్తదీ.

"వదినా, ఈ మోటారుది మీ ఇంట్లో దాచిపెట్టు," అంది ఇస్త్రీ వదిన. "ఎవరైనా అడిగితే నీదేనని చెప్పు. నీ మిషన్ నాదని నేను చెప్పలేదూ?"

టైలరమ్మ ఆవిడను కావలించుకుని, తెల్లారగానే యూనిఫారాల పని అడగడానికి హెడ్మాస్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళదామంది. మొగుడు మాత్రం పాత మిషన్ చుట్టూ తిరుగుతూ, ఈసారి దీన్ని ఎవరింట్లో దాచాలా అని ఆలోచనలో పడ్డాడు.